రెండో జనవరి

"గడ్డ మంచిదే," అంది ఫోన్లో డాక్టరమ్మ.

ఆ ఒక్క మాటకి వంటింట్లో ఉన్న నలుగురూ కొయ్యబొమ్మల్లా నిలబడిపోయారు.

ఫోను కొత్త కోడలి చేతిలో ఉంది. అత్త కుడిచేతి వేళ్ళు మొద్దుబారి, పట్టుకున్నదల్లా జారిపోతోంది కాబట్టి వారం నుంచీ ఆవిడకొచ్చే ఫోన్లన్నీ కోడలే ఎత్తుతోంది. అందరికీ వినబడేలా స్పీకరు పెట్టి, రెండు చేతులతో గిన్నె పట్టుకున్నట్టు పట్టుకుంది.

"మంచిదంటే?" మామ ఫోను మీదికి వంగాడు. బస్సు డిపోలో టైం కీపరు ఆయన. ఆలస్యంగా వచ్చిన డ్రైవర్లని అడిగే గొంతుతోనే అడిగాడు. "గడ్డల్లో కూడా మంచివీ చెడ్డవీ ఉంటాయా అమ్మా?"

"ఉంటాయండీ, మనుషుల్లో ఉన్నట్టే. మీ ఆవిడ మెడ దగ్గరున్నది ఎవరి జోలికీ పోని రకం. దాన్ని అలా వదిలెయ్యండి."

మామ వెనక్కి చూసుకోకుండా ఉల్లిపాయల బుట్ట మీద కూలబడ్డాడు. బుట్ట ఓ పక్కకి ఒరిగింది. నాలుగు ఉల్లిపాయలు గచ్చు మీద దొర్లుకుంటూ పోయాయి. కొడుకు నవ్వబోయి, కిటికీ వైపు తిరిగి ముక్కు తుడుచుకున్నాడు.

పెళ్ళయిన రెండు నెలల్లో తన భర్త ముక్కు తుడుచుకోవడం కోడలు చూడ్డం అదే మొదలు. ఎంత బాగున్నాడో అనుకుంది. వెంటనే, ఇలాంటప్పుడు కూడా ఇదేం బుద్ధి అని తన్ను తాను తిట్టుకుంది.

డాక్టరమ్మ ఇంకా మాట్లాడుతోంది.

"అసలు సంగతి చెయ్యి. మణికట్టు దగ్గర నరం నలిగిపోతోంది. ఆ వయసులో ఒంట్లో మార్పులు వేరే ఉన్నాయి, నిద్ర లేదు, రక్తం తక్కువ. ఇప్పుడు రెండు వారాలు ఆ చేతికి విశ్రాంతి ఇస్తే చెయ్యి ఆవిడదవుతుంది. సూది పట్టకూడదు, బట్టలు పిండకూడదు, బరువులెత్తకూడదు. ఇవ్వకపోతే మాత్రం ఆ తర్వాత ఆపరేషను చేసినా మళ్ళీ సూది పట్టగలరని నేను మాటివ్వలేను. విన్నారా?"

"విన్నామండీ," అంది కోడలు.

విన్నది ఆమె ఒక్కతే. మామ ఉల్లిపాయలు ఏరుకుంటున్నాడు. కొడుకు తల్లి భుజం చుట్టూ చెయ్యి వేసి ఊపుతున్నాడు. ఏడు రోజులుగా ఇల్లంతా ముంగాళ్ళ మీద నడిచింది. ఇప్పుడు ఒక్కసారిగా మడమలు నేలకి ఆనాయి.

ఆనిన అడుగులు నేరుగా పాతదారే పట్టాయి.

"హమ్మయ్య," మామ లేచి లుంగీ దులుపుకున్నాడు. "ప్రాణం లేచొచ్చింది. ఏదీ, నీ చేతి టీ తాగి వారమైంది. చిక్కగా పెట్టు."

"అమ్మా, నా నీలం చొక్కాకి గుండీ ఊడింది. రేపు కొత్త సంవత్సరం కదా, అదే వేసుకుందామనుకున్నా," అన్నాడు కొడుకు.

ఆ వెంటనే మళ్ళీ ఫోను. ఈసారి పెద్దమ్మాయి. కోడలు స్పీకరు తియ్యడం మరిచిపోయింది.

"తమ్ముడు ఇప్పుడే మెసేజ్ పెట్టాడమ్మా, రిపోర్టు మంచిగా వచ్చిందని. బతికించావు. విను, నాకు రేపు ఎనిమిదింటికల్లా హోటల్లో ఉండాలి. రెండు వారాలూ గదులన్నీ నిండిపోయాయి, రిసెప్షన్లో నేనొక్కదాన్నే. ఆయనేమో లారీ తీసుకుని పోయారు, ఎప్పుడొస్తారో తెలీదు. పిల్లలకి బడి సెలవులు. ఎలాగూ నువ్వు బైండింగు షాపుకి వెళ్ళవు, ఇంట్లోనే ఉంటావుగా? ఏడింటికి తీసుకొచ్చి దింపుతా. పదిహేను రోజులు."

అందరూ అత్త 'సరే' అనడం కోసం చూశారు.

ఎదురు చూడాల్సినంత పని ఎప్పుడూ ఉండేది కాదు. అత్త 'సరే' అనే మాట అవతలివాళ్ళు అడగడం పూర్తికాకముందే వచ్చేసేది. ఒకరోజు సరదాకి కోడలు లెక్కపెట్టింది. పొద్దున్నించి సాయంత్రం దాకా ముప్పై ఒకటి. ఆ రాత్రి భర్తకి చెబితే ఇద్దరూ దుప్పట్లో నోరు మూసుకుని నవ్వారు కూడా.

ఇప్పుడు ఆ మాట రాలేదు.

"అమ్మా? వినపడుతోందా?"

అత్త ఫోను వైపు చూసింది. పొయ్యి వైపు చూసింది. తర్వాత వంటింట్లోంచి బయటికి నడిచి, ముందుగదిలో కిటికీ పక్కనున్న మామ పడక్కుర్చీలో కూర్చుంది.

కూర్చోవడం కాదు కోడలు చూసింది. ఆవిడ వెనక్కి వాలింది.

రెండు నెలల్లో అత్త కూర్చోగా చూడలేదని కాదు. కూర్చునేది, పీట అంచు మీద, లేవడానికి తయారుగా, బస్సులో తర్వాతి స్టాపులో దిగిపోయే మనిషిలా. ఇవాళ వీపు మొత్తం కుర్చీకి ఆన్చింది. తల ఆన్చింది. ఆఖరికి కాళ్ళు కూడా చాపింది. ఆవిడ ఇంత పొడుగు మనిషని కోడలికి అంతవరకూ తెలియనే తెలియదు.

"అత్తయ్య మళ్ళీ చేస్తారట వదినా," అని గొణిగి కోడలు ఫోను పెట్టేసి, వచ్చి ఆవిడ పక్కన పీట మీద కూర్చుంది.

మామ గుమ్మంలో నిలబడ్డాడు. "ఏమైంది? కళ్ళు తిరుగుతున్నాయా?"

"లేదు."

"మరి?"

"టీ నాకూ కావాలి."

"అదే, పెట్టు మరి."

"నాకూ కావాలన్నాను. పెడతానన్లేదు."

మామ కొడుకు వైపు చూశాడు. కొడుకు భార్య వైపు చూశాడు.

కోడలు గబుక్కున లేచింది. తను పెడితే పోయేదానికి ఇంత సేపెందుకు. రెండడుగులు వేసిందో లేదో, అత్త ఎడమచెయ్యి ఆమె మణికట్టుని పట్టుకుంది.

"నువ్వు కూర్చో అమ్మాయ్."

"రెండు నిమిషాల పని అత్తయ్యా."

"నువ్వు లేస్తే నేను లేచినట్టే."

కోడలు కూర్చుంది. ఆ మాట ఎక్కడో గుచ్చుకుంది, కానీ నొప్పి పుట్టలేదు. రెండు నెలలుగా వేడివేడిగా కంచంలోకి వచ్చినవన్నీ తింటూ, మా అత్తలాంటి అత్త ఎవరికీ ఉండదని కాలేజీ స్నేహితురాళ్ళకి గొప్పగా చెప్పుకున్న సంగతి గుర్తొచ్చి చెవులు వెచ్చబడ్డాయి. ఆ వేడి కంచం వెనకాల ఉన్న చెయ్యి మొద్దుబారుతోందని ఒక్కనాడూ తోచలేదు.

వంటింట్లోకి తండ్రీ కొడుకులు వెళ్ళారు. కాసేపటికి గొంతులు వినబడ్డాయి.

"టీ పొడి ఏదిరా?"

"టీ అని రాసున్న డబ్బాలో చూడండి నాన్నా."

"చూశాను. అందులో గుండీలున్నాయి."

"గుండీలా? అయితే గుండీల డబ్బాలో చూడండి."

"గుండీల డబ్బా ఎక్కడుంటుంది?"

అత్త పెదవులు కదిలాయి. నవ్వలేదు. "బిస్కెట్లని రాసున్న దాంట్లో ఉంది," అంది, లోపలికి వినబడనంత మెల్లిగా. కోడలు పైటకొంగు నోట్లో కుక్కుకుంది.

అప్పుడు అత్త అన్నది, "నా మంచం కింద ట్రంకుపెట్టె ఉంది. పైనే దుప్పటి, దుప్పటి కింద ఓ పుస్తకం. పట్టుకురా."

అది పుస్తకం కాదు. కొత్త డైరీ. ఎర్ర అట్ట, వీపు మీద బంగారు గీతలు, కొత్త జిగురు వాసన. వచ్చే సంవత్సరం అంకెలు అట్ట మీద మెరుస్తున్నాయి.

కోడలికి వెంటనే అర్థమైంది. ఇంట్లో అందరికీ దీని గురించి తెలుసు, ఎవరూ నోరెత్తరు. కిందటి వారం అత్త బైండింగు షాపు నుంచి దీన్నే చీర చెంగులో చుట్టుకుని, ముఖం వాల్చుకుని వచ్చింది.

ఇరవై రెండేళ్ళుగా అత్త డైరీలు కుడుతోంది. సెప్టెంబరు నుంచి డిసెంబరు దాకా ఊరందరి కొత్త సంవత్సరాలూ ఆవిడ సూది కిందినుంచే పోతాయి. అచ్చయిన కాగితాలు మడిచి ఫారాలు చేసి, వాటిని వరసగా పేర్చి, వెన్నున కుట్టు వేస్తే పుస్తకం. ఒక్కో ఫారానికి పదహారు పేజీలు, పేజీకో తేదీ. షాపులో అందరూ ఆవిణ్ణి సూదమ్మ అంటారు. సూదమ్మ కుట్టిన డైరీని మేడ మీంచి పారేసినా ఒక్క తేదీ ఊడదని యజమాని గుమాస్తాలకి చెబుతుంటాడు.

ఆ షాపులో ఓ ఆచారముంది. ఎవరు పాడుచేసిన డైరీ వాళ్ళే ఇంటికి పట్టుకుపోవాలి. అందుకని చేతకాని వాళ్ళ ఇళ్ళల్లో మూలమూలకీ డైరీలే. సూదమ్మ ఇంట్లో మాత్రం ఇరవై రెండేళ్ళలో ఒక్క డైరీ లేదు. పాల లెక్క కేలండరు వెనకాల రాసుకుంటారు.

ఇది మొదటిది. నాలుగు రాత్రులు వరసగా నిద్రలేక, ఒంట్లో సెగలు వచ్చిపోతుంటే, వేళ్ళకి స్పర్శ తెలియక, మొదటి ఫారం రెండుసార్లు పెట్టి కుట్టేసింది. షాపంతా చుట్టూ మూగి చూసిందట. సూదమ్మ తప్పు చేయడం చూడ్డానికి పక్క షాపువాళ్ళు కూడా వచ్చారట.

"తెరువు," అంది అత్త.

కోడలు తెరిచింది. జనవరి ఒకటి, రెండు, మూడు. పదహారు దాకా తెల్లగా ఉన్నాయి. తర్వాతి పేజీ తిప్పింది. పదిహేడు ఉండాల్సిన చోట మళ్ళీ జనవరి ఒకటి.

ఆ పేజీ తెల్లగా లేదు.

పెన్సిలుతో, వంకర టింకరగా, మొదటిసారి పలక పట్టిన పిల్ల రాసినట్టుంది. ఎడమచేత్తో రాసిందని గ్రహించడానికి కోడలికి రెండు క్షణాలు పట్టింది.

'ఒకటి. ఎనిమిదింటి దాకా లేవకూడదు. మెలకువ వచ్చినా.'

'రెండు. గోరువెచ్చటి నీళ్ళలో చెయ్యి. చెయ్యి నీళ్ళలో ఉన్నంతసేపూ ఎవరు పిలిచినా పలకక్కర్లేదు.'

'నాలుగు. నడక. ఏదీ కొనడానికి కాదు.'

'ఐదు. ఖాళీ. ఎవరైనా ఏదైనా చెప్పినా ఖాళీయే.'

'తొమ్మిది. అద్దంలో చూసుకోవాలి. జడ కోసం కాదు.'

కోడలు పేజీలు తిప్పుతోంది కానీ చేతులు నెమ్మదించాయి. గుడిలోకి చెప్పులతో వచ్చేసినట్టు అనిపించి, ఒళ్ళో ఉన్న పుస్తకాన్ని ఇంకాస్త పైకెత్తి పట్టుకుంది. ఆమె ప్రేమలేఖలు రాసింది, అందుకుంది. వాటిలో కూడా ఇంత మొహమాటం, ఇంత ఆశ చూళ్ళేదు. ఒక మనిషి తనకు తానే పదహారు రోజులు అప్పు అడిగినట్టు రాసుకుంది.

"ఎప్పుడు రాశారత్తయ్యా ఇదంతా?"

"రిపోర్టు కోసం చూస్తున్న రోజుల్లో. నిద్ర రాదుగా." అత్త కిటికీలోంచి బయటికి చూస్తోంది. సాయంత్రపు ఎండ ఆవిడ మోకాళ్ళ మీద పడుతోంది. "చెడ్డదైతే టైముండదు. మంచిదైతే మీరు ఉండనివ్వరు. ఎటు తిరిగీ కాగితం మీదన్నా ఉంటుందని రాసుకున్నా."

కోడలు ఆ పేజీలో వేలు పెట్టి డైరీ మూసింది.

ట్రేలో నాలుగు కప్పులతో కొడుకు వచ్చాడు. వెనకాలే మామ, పాలగిన్నె పొంగి ముంజేతి మీద పడిందేమో, ఊదుకుంటూ. టీ రంగు చూస్తే వాన నీళ్ళకి ఎర్రమట్టి తగిలినట్టుంది. అత్త ఎడమచేత్తో కప్పందుకుని ఒక గుక్క తాగింది. రెండో గుక్క తాగింది. తనకి ఒకరు చేసిచ్చిన టీ మంచిదో కాదో చెప్పే అలవాటు ఆవిడకి లేదు.

"ఏముందా డైరీలో?" కొడుకు భార్య భుజం మీంచి తొంగి చూశాడు. "చూపించు పిచ్చుకా."

"వద్దు," అంది కోడలు.

"చూడనీ," అంది అత్త.

అతను నవ్వుతూ తీసుకున్నాడు. నవ్వుతూనే ఒకటీ రెండూ చదివాడు. "ఎనిమిదింటి దాకా పడుకోవాలని డైరీలో రాసుకోవాలా అమ్మా? పడుకుంటే పోలా?" అన్నాడు.

పేజీ తిప్పాడు. కోడలికి తెలుసు ఆ పేజీలో ఏముందో. ఆపుదామనుకుంది.

'మూడు. కళ్ళజోడు మార్పించుకోవాలి. వాడి షాపులో కాదు. వాడికి పని చెప్పినట్టవుతుంది.'

అతను ఊళ్ళోకెల్లా పెద్ద కళ్ళజోళ్ళ షాపులో పనిచేస్తాడు. రోజుకి యాభైమందికి అద్దాలు పెట్టి, అక్షరాలు కనబడుతున్నాయా అని ఆప్యాయంగా అడుగుతాడు. అతని తల్లి కళ్ళజోడుకి ఓ పక్క కాడ విరిగి నాలుగేళ్ళయింది. బైండింగు దారంతో ఆవిడే కట్టుకుంది. అంత చక్కగా కట్టుకుంది కాబట్టి ఎవరికీ కనబడలేదు.

అతను డైరీ మూసి, మెల్లిగా, చిన్నపిల్లని పడుకోబెట్టినట్టు తల్లి ఒళ్ళో పెట్టాడు. నీలం చొక్కా సంగతి మళ్ళీ ఎత్తలేదు.

"అమ్మా," అన్నాడు కాసేపటికి.

"ఊఁ."

"ఏం లేదు."

మామ అందరి ముఖాలూ మార్చి మార్చి చూశాడు. "ఇప్పుడేమైందని అందరూ బెల్లం కొట్టిన రాళ్ళలా కూర్చున్నారు? నిన్ను పడుకోవద్దని ఎవరన్నారు? రేపు పడుకో. ఎల్లుండి పడుకో. నేనేమన్నా రాక్షసుణ్ణా?"

"కాదు."

"మరి చెప్పొచ్చుగా? నోరుందిగా?"

"నోరుంది," అంది అత్త. "అది 'సరే' అనడానికి అలవాటు పడిపోయింది. ఇంకో మాట నేర్పిద్దామంటే యాభై రెండేళ్ళొచ్చాయి. కాస్త టైం పడుతుంది, ఓపిక పట్టండి."

ఆయన తెరిచిన నోరు మూశాడు. మళ్ళీ తెరిచాడు. ఆఖరికి ఆ నోటిని టీ తాగడానికి వాడుకున్నాడు.

ఫోను మళ్ళీ మోగింది. పెద్దమ్మాయే. ఈసారి అత్త చెయ్యి చాచి, ఫోను ఒళ్ళో పెట్టించుకుంది.

"ఏంటమ్మా, నువ్వు మళ్ళీ చేస్తావని మరదలు పెట్టేసింది, ఇంతవరకూ లేదు. పిల్లల బట్టలు సర్దేశాను."

"సర్దు. తీసుకురా."

కోడలు కప్పు కింద పెట్టేసింది. ఇంతేనా. ఇంతసేపూ చూసింది ఇంతలోకే ఆరిపోయిందా.

"తీసుకురా," అంది అత్త మళ్ళీ. "కానీ పిల్లల్ని చూసేది నేను కాదు."

"నువ్వు కాకపోతే?"

"డాక్టరమ్మ చెప్పింది, రెండు వారాలు ఈ చేతికి పని చెప్పకపోతేనే ఇది నా చెయ్యని. నీ చిన్నవాడు చంకెక్కితే దిగడు. వాడొస్తే నేను ఎత్తుకోకుండా ఉండలేను. అందుకని ముందే చెబుతున్నా. పొద్దుటిపూట మీ నాన్న చూస్తారు. ఆయన డ్యూటీ రెండింటికి. ఆ తర్వాత మీ తమ్ముడు."

మామ కప్పు సగంలో ఆగిపోయింది.

అవతల పెద్దమ్మాయి గొంతు సన్నబడింది. "నాకు మాత్రం ఎవరున్నారమ్మా? నాకు మాత్రం కాళ్ళు నొప్పెట్టవా? నువ్వు కూడా ఇలా అంటే ఎలా?"

ఇదే అసలు దెబ్బ. అత్త కళ్ళు మూసుకుంది. ఆ 'సరే' ఆవిడ గొంతుదాకా రావడం, అక్కడ తచ్చాడడం కోడలికి కనబడుతోంది. కోడలి నాలిక మీదికి ఇంకోటి వచ్చింది. నేను చూస్తాలే వదినా. ఎంత తేలికైన మాట. ఒక్క మాటతో అందరూ ఒడ్డున పడతారు. మణికట్టు మీద ఇందాకటి వేళ్ళ అచ్చులు ఇంకా ఉన్నట్టే అనిపించి, ఆ మాటని మింగింది.

"నీకూ నొప్పెడతాయి," అంది అత్త. "నొప్పెడుతున్నాయని ఇవాళే మొదటిసారి చెప్పావు. నేను నీకు చెప్పలేదు, నువ్వు నాకు చెప్పలేదు. మా అమ్మా నాకు చెప్పలేదు. నాకు యాభై రెండు పట్టింది, నీకు అంత పట్టకూడదు. నాలుగో తారీకు నాకు నడక ఉంది. నీ సెలవు చూసుకుని రా. ఇద్దరం నడుద్దాం. ఏదీ కొనకుండా."

అవతల ముక్కు ఎగబీల్చిన చప్పుడు. "చూస్తాను," అంది పెద్దమ్మాయి. "ఏడింటికి మాత్రం వచ్చేస్తా. నాన్నకి చెప్పు, చిన్నవాడు పాలు వేడిగా తాగడని." ఫోను పెట్టేసింది. కోపమో, ఏడుపో తెలియలేదు.

ఎండ మోకాళ్ళ మీంచి ఒళ్ళోకి, ఒళ్ళోంచి డైరీ అట్ట మీదికి పాకింది. అత్త కళ్ళజోడు తీసి చీర చెంగుతో తుడుచుకుంటోంది. కళ్ళజోడు లేని ఆ ముఖాన్ని కోడలు చూస్తూ ఉండిపోయింది. ఈ ముఖం రెండు నెలలుగా ఈ ఇంట్లోనే ఉందా? నేనెక్కడున్నాను? కొత్త పెళ్ళికూతురికి కనబడే వింతలు చాలా ఉంటాయి. భర్త గుర్రు పెట్టడం, ఒకే సబ్బుతో ఇద్దరికీ వేరే వాసన రావడం, ఇవన్నీ ఆమె వింతగానే చూసింది. ఒక ఆడమనిషి యాభై రెండో ఏట తనవైపు తాను మొదటి అడుగు వేయడం మాత్రం ఆమె ఏ పుస్తకంలోనూ చదవలేదు. ఊపిరి గట్టిగా వదిలితే అది చెదిరిపోతుందేమోనని మెల్లిగా వదిలింది.

మామ కప్పు కింద పెట్టాడు.

"అన్నీ బాగానే ఉన్నాయి. ఏడింటికి వాళ్ళొస్తారు. నేను తలుపు తీస్తాను. పాలు చల్లార్చి ఇస్తాను. ఎన్ని బస్సులు చూశాను, ఇద్దరు పిల్లల్ని చూడలేనా." గొంతు సవరించుకున్నాడు. "కానీ ఒక సంగతి."

"ఏంటి?"

"నన్నెవరు లేపుతారు?"

ఎవరూ నవ్వలేదు. ముప్పై ఏళ్ళుగా డిపోలో ప్రతి బస్సు నిమిషంతో సహా రాసుకునే మనిషిని, ముప్పై ఏళ్ళుగా రోజూ పొద్దున ఒకే మనిషి భుజం తట్టి లేపుతోంది. ఆయన ఆ ప్రశ్న వేళాకోళానికి అడగలేదు. నిజంగానే తెలియక అడిగాడు. అడిగాక, తను అడిగిందేమిటో తనకే వినబడినట్టు తల వంచుకున్నాడు.

అత్త ఆయన వంక చాలాసేపు చూసింది. జాలిగానూ కాదు, కోపంగానూ కాదు. ఎప్పట్నుంచో చూస్తున్న గోడ మీద కొత్తగా ఓ కిటికీ కనబడినట్టు చూసింది.

"రేపు పొద్దున ఏడింటికి బెల్లు మోగుతుంది," అంది, ఒక్కో మాటా కుట్టు వేసినట్టు విడివిడిగా. "తలుపు మీరు తీస్తారు. ఎలా లేస్తారో మీ ఇష్టం. నా గది తలుపు ఎనిమిదింటి దాకా వేసే ఉంటుంది."

తర్వాత కోడలి వైపు తిరిగింది.

"ఈ అమ్మాయి గది తలుపు కూడా."